తడపని చీర

వెంకటనర్సమ్మ ఒక అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసేది. గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదిది. కోడలు ఆండాళు కాపురానికి వచ్చిన కొత్తలోనే కళ్లారా చూసింది. చూరులో దోపిన పాత బ్లేడు ముక్క తీసి, పుల్లను గడప మీద పెట్టి, మందు రాలిపోకుండా మెల్లగా చీల్చి, రెండు ముక్కలనూ మళ్లీ పెట్టెలో పెట్టి, "సూసినవా, కొనకుంటనే పెట్టె రెండింతలయింది" అని నవ్వింది. ఆ సగం పుల్లయినా తప్పనిసరి అయితేనే గీసేది. మామూలు రోజుల్లో పక్కింటి నర్సింగమ్మ పొయ్యి రాజుకునేదాకా ఆగి, పిడక ముక్క మీద నిప్పు తెమ్మని కోడల్ని తోలేది.

రామన్నపేటకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఆ ఊళ్లో, సాలెవాడ మొత్తానికి సంసారం దిద్దుకోవడమంటే వెంకటనర్సమ్మే. కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు వచ్చి ఆమె దగ్గర కూర్చునేవాళ్లు. ఉప్పు రెండు వేళ్లతో తీయాలి తప్ప గుప్పిట పట్టొద్దని చెప్పేది. బియ్యం కడిగిన నీళ్లు పులుసులోకి, వార్చిన గంజి పడుగు నూలుకు, బూడిద గిన్నెలకు, బొగ్గు పళ్లకు. తలంటుకున్న కుంకుడు పిప్పిని ఆరబెట్టి ఇంకోసారి నానేయాలి. దీపం మగ్గం దగ్గర ఉండాలి గానీ వంటింట్లో ఎందుకు, నోరు ఎక్కడుందో చీకట్లో చెయ్యికి తెలియదా అనేది. ఇవన్నీ ఒక ఎత్తు, పిడికెడు ఒక ఎత్తు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి మూల కుండలో వేయాలి. ఆ పిడికెడు ఎవరి పళ్లెంలోది అని ఎవరూ అడగలేదు. అందరూ తిని లేచాక ఆఖరున కూర్చునే మనిషి పళ్లెంలోది.

ఆండాళు ఎదురు చెప్పలేదు. కానీ చూస్తూనే ఉంది. ఆ ఇంటి పొదుపు పొయ్యి దగ్గర పుట్టి పొయ్యి దగ్గరే ఆగిపోయేది. మొగుడు మల్లేశం బీడీ కట్ట జోలికి గానీ, పొద్దుగూకితే అతను పోయే కల్లు దుకాణం జోలికి గానీ అది ఒక్కనాడూ పోలేదు. "పొద్దుందాక మగ్గం గుంతల కాళ్లు వెట్టుకోని నేస్తడు, మొగోనికి గా మాత్రం లేకుంటె ఎట్ల?" అని తల్లే వెనకేసుకొచ్చేది. ఆ పొద్దంతా అతని పక్కనే కూర్చుని రాట్నం తిప్పి కండెలు చుట్టిన మనిషికి మాత్రం ఏ మాత్రమూ అక్కర్లేకపోయింది.

ఇక బట్టల సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. అది నేతగాళ్ల ఇల్లు. సావుకారు నూలు ఇస్తాడు, మల్లేశం నేస్తాడు, చీరలు సావుకారుకు పోతాయి, కూలి ఇంటికి వస్తుంది. ఆండాళు చేతుల మీదుగా ఎన్ని కొత్త చీరలు పోయాయో లెక్కలేదు. ఆమె ఒంటి మీద ఉండేది మాత్రం అతుకు చీర. చీర ఎప్పుడూ నడుము దగ్గర, కూర్చునే చోట ముందు చిరుగుతుంది. ఆ భాగం కోసేసి, రెండు పాత చీరల గట్టి సగాలు కలిపి కుడితే ఇంకో చీర అయింది కదా అంటుంది అత్త. అతుకు కుచ్చిళ్లలో దాక్కునేలా కట్టుకోవడం ఆండాళుకు అలవాటైంది. నడుస్తుంటే మాత్రం ఆ కుట్టు మోకాలికి రాసుకుంటూనే ఉండేది.

వెంకటనర్సమ్మ చెడ్డ మనిషేమీ కాదు. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు మొగుడు పోయాడు, చంకలో మల్లేశం. ఆ నాటి మాట ఆమె ఒక్కసారే కోడలితో చెప్పింది. "నేతోడు సస్తె మీద గప్పెటందుకు ఇంట్ల కోరాబట్ట లేకుండె ఆండాలూ. ఇల్లిల్లు దిరిగి అడుక్కొచ్చిన. గా సిగ్గు సచ్చెదాంక పోదు." సాలెవాళ్లలో చచ్చినవాళ్ల మీద కప్పే బట్ట కోరాది కావాలి. మగ్గం దిగినాక నీళ్లు ముట్టనిది, గంజి పెళపెళలాడుతున్నది. ఒక్కసారి తడిస్తే అది బతికున్నవాళ్లు కట్టుకునే బట్ట అయిపోతుంది, పీనుగ మీదికి పనికిరాదు. అందుకే ఆమె తన చావుకని ఒక కోరా చీర ఎప్పుడో నేయించి, వేపాకు వేసి, మట్టి కాగులో పెట్టి మూత పెట్టింది. ఏటేటా దసరా పోయాక తీసి ఎండకు వేసేది. చూపు తగ్గాక తీయడం మానేసి, కాగును వేళ్లతో తట్టి చూసి ఊరుకునేది. వచ్చినవాళ్లందరికీ ఆ కాగు చూపించేది కూడా. "నేను సస్తె నా కొడుకుకు నయాపైస ఖర్సు లేదు."

నయాపైసలు అప్పటికి వచ్చి రెండు మూడేళ్లయింది. ఆ ఎండాకాలం ఆండాళు తండ్రి రామచంద్రయ్య జడ్చర్ల దిక్కు నుంచి బస్సులు మారి వచ్చాడు. చిన్న కూతురు యాదలక్ష్మికి పెళ్లి కుదిరింది. తువాల విప్పి, అందులో నుంచి ఒక చీరకు సరిపడా పడుగు నూలు తీసి ఆండాళు ఒళ్లో పెట్టాడు.

"పేక నూలుకు నా తాన పైసల్లేవు బిడ్డా. గది నువ్వే ఎట్లనన్న జేసుకో. పెండ్లికి మాత్రం అతుకు చీరెతోని రాకు. పోయినసారి నువ్వొచ్చిపోయినంక మీ అమ్మ మూడొద్దులు అన్నం సరిగ తినలేదు."

పోయినసారి అంటే మేనమామ కొడుకు పెళ్లి. బంతిలో వడ్డిస్తుంటే ఎవరి కాలో కుచ్చిళ్ల మీద పడి అతుకు పర్రున విడిపోయింది. చీర సగం కింద, సగం చేతిలో. నలుగురూ నవ్వారు. నేతగాని పెళ్లాం చీర చూడండని ఒకావిడ అననే అంది. అప్పుడు యాదలక్ష్మి తన పైట చుట్టూ కప్పి అక్కను లోపలికి తీసుకుపోయి, అక్క కంటే ఎక్కువగా తాను ఏడ్చింది. ఆ పిల్ల పెళ్లికి ఆండాళు ఒక్క మంచి చీరలో పోవాలి. ఆమెకు అంతకు మించిన కోరిక లేదు.

పడుగుకు అడ్డంగా నేసే పేక నూలుకు దారి ఉంది. కండె అయిపోయే ముందు, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో కొన్ని బారల నూలు మిగిలిపోతుంది. అది కండెలు చుట్టే ఆడదానిదని సాలెవాళ్లలో వాడుక. సావుకారు కూడా అడగడు. మొదట్లో అత్త దాన్ని కూడా దీపపు వత్తులకు లాక్కునేది. ఆండాళు నోరు విప్పకుండానే ఆ మిగులు నూలు పట్టుకుని కూర్చుని, ముక్కకు ముక్క ముడివేసి, రంగుకు రంగు ఉండలు చుట్టి పగిలిన కుండలో దాచింది. ఇన్నేళ్లుగా దాచిందంతా అందులో ఉంది.

సావుకారు దగ్గర నూలు ఆలస్యమై మగ్గం ఖాళీగా ఉన్నప్పుడు ఆమే గుంతలోకి దిగింది. పుట్టింట్లో తండ్రి పక్కన నేర్చుకున్న పని, చెయ్యి మరిచిపోలేదు. "ముడులల్ల ముడులు. అతుకుల బొంత నేస్తున్నవా?" అని మల్లేశం నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు. ముడి వచ్చినచోటల్లా అంచులోకి జరిపి దాచింది. ఆకుపచ్చ అయిపోతే ఇటుక రంగు, అది అయిపోతే పసుపు, తర్వాత నీలం. ఏ రంగు ఎంత ఉంటే అంత చార. కొంగుకని ఎర్రది దాచిపెట్టుకుంది. మగ్గం నుంచి కోసి దులిపితే, వాడకట్టు ఆడవాళ్లు పనులు వదిలేసి చూడ్డానికి వచ్చారు. మల్లేశం కూడా బీడీ ఆర్పి ఒకసారి తాకి చూశాడు.

వెంకటనర్సమ్మకు కళ్లు ఆనవు. చీరంతా వేళ్లతో తడిమింది.

"ఒక్క ముడి తగుల్తలేదు. మంచిగ నేసినవ్ ఆండాలూ."

అత్త నోటి నుంచి మంచిగ అనే మాట ఆండాళు వినడం అదే మొదలు. చీరను అప్పుడే నీళ్లలో ముంచి, గంజి వదిలించి, ఒకసారి కట్టుకుని చూసుకోవాలనిపించింది. పెరట్లో నీళ్ల గోలెం దాకా పోయింది కూడా.

"ఇప్పుడే తడుపకు," అంది అత్త వెనక నుంచి. "పెండ్లి ఇంక నెల ఉన్నది. తడిపితె కొత్తదనం పోతది, రంగు దిగుతది. పొయ్యెటప్పుడు తడుపు. గంజి మీదుంటెనే కొత్త చీరె."

మాట నిజమే. నెల రోజుల కొత్తదనం ఎందుకు పోగొట్టుకోవాలి? ఆండాళు చీర మడిచి పెట్టెలో పెట్టింది. ఇన్నేళ్లు అత్త చెప్పిన పొదుపులన్నీ అయిష్టంగా పాటించిన మనిషి, ఈ ఒక్కటి మాత్రం మనసారా పాటించింది.

పది రోజులు గడిచాయో లేదో వెంకటనర్సమ్మకు జ్వరం పట్టుకుంది. రామన్నపేట దవాఖానకు పోదామంటే వినలేదు. "సూదికి ఒక పైస, బండికి ఒక పైస. తిప్పతీగ కషాయం ఉడుకవెట్టు, అదే దిగుతది." అది దిగలేదు. ఒక పొద్దున ఆండాళు నర్సింగమ్మ ఇంటి నుంచి నిప్పు పట్టుకుని వచ్చేసరికి అత్త ఊపిరి ఆగిపోయి ఉంది. చేతిలో పిడక మీద నిప్పు, ఎదురుగా చాపలో అత్త. పొయ్యి వెలిగించాలో కింద పడేయాలో తెలియక కాసేపు అట్లాగే నిలబడింది. ఆండాళుకు ఏడుపు వచ్చింది. అంత ఏడుపు వస్తుందని ఆమే అనుకోలేదు.

వాడకట్టంతా చేరింది. ఆడవాళ్లు పీనుగకు నీళ్లు పోశారు. మల్లేశం కాగు దించి మూత తీశాడు. ఎంతో మందికి చూపించిన కాగు కనుక అందరూ మెడలు చాచి చూశారు. మడత పట్టుకుని పైకి లాగితే చీర సగమే వచ్చింది. మిగతాది పొట్టులా రాలింది. పురుగు ఎన్నాళ్ల నుంచి తింటోందో, మడత మడతకూ జల్లెడ అయిపోయింది. గంజి వదలని బట్టను పురుగు వదలదని సాలెవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ గంజి వదిలించాలంటే తడపాలి, తడిపితే చావుకు పనికిరాదు. తెలిసి తెలిసీ ఆమె చేయగలిగింది ఏముంది? అగ్గిపుల్లలు చీల్చి, పిడికెడు పిడికెడు తీసి నడిపిన ఆ మనిషి, మొగుడు పోయిన నాడు పడ్డ సిగ్గే తాను పోయిన నాడు కూడా పడింది. చూడ్డానికి లేకపోవడం ఒక్కటే నయం.

"రామన్నపేటకు ఎవరినన్న తోలుదమా?" అన్నాడు కులపెద్ద గోపయ్య.

"పోయి తెచ్చెటాల్లకు పొద్దుగూకుతది," అన్నాడు మల్లేశం.

"మగ్గం మీద ఉన్నది గద, గది కోయి మల్ల," అన్నారెవరో.

మల్లేశం నాలుక కరుచుకున్నాడు. "సావుకారు సరుకు. మగ్గం మీది బట్ట కోసి పీనుగ మీద గప్పితె మల్ల నాకు నూలిస్తడా?" అని ఆండాళు వైపు తిరిగాడు. "నీ చీరె తియ్యి."

ఆండాళుకు ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. అతను మళ్లీ అన్నాడు.

"గది నా చెల్లె పెండ్లికి..." అంది.

"మల్ల నేసుకుందువు. పోయింది మా అమ్మ."

గోపయ్య గొంతు సవరించుకున్నాడు. "ముండమోసిన మనిషికి తెల్లదైతె బాగుండు. గిన్ని రంగులెందుకు?" ఆండాళుకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఆయనే తల ఊపాడు. "సరె, రంగుదేమున్నది. కోరాది అయితె సాలు."

అప్పుడు నర్సింగమ్మ పీనుగ దగ్గర నుంచి లేచి ఆండాళు ముఖంలోకి చూసింది. ఆ చీర ముడులన్నీ పడుతుంటే చూసిన మనిషి ఆమె. "ఏం బిడ్డా," అంది నెమ్మదిగా, "గా చీరె తడిపినవా? తడిపితె పనికిరాదు మరి. తడిపే ఉంటవ్."

ఒక్క మాట చెబితే చాలు. తడిపిన పెద్దమ్మా అంటే చాలు, ఇంకెవరూ పెట్టె తెరిచి చూడరు. వాడకట్టంతా ఆమె నోటి వైపు చూస్తోంది. ఆండాళు నోరు తెరిచింది.

"తడుపలే," అన్నాడు మల్లేశం. "అమ్మనే వద్దన్నది."

ఇన్నేళ్ల ఆమె ముడులు పీనుగ మీద పెళపెళలాడుతూ పరుచుకున్నాయి. ఎర్ర కొంగు ముఖం దాకా వచ్చింది. పాడె వాడ మలుపు తిరిగేదాకా ఆండాళు వాకిట్లో నిలబడే ఉంది. ఎంత మంచి కోడలు దొరికింది నర్సమ్మకు, సొంత చీర తీసి కప్పిందని ఆడవాళ్లు చెప్పుకున్నారు. అన్న మాట నిలబెట్టుకుంది మహాతల్లి, కొడుకుకు నయాపైస ఖర్చు పెట్టించలేదని మగవాళ్లు చెప్పుకున్నారు. ఆ మాట ఆండాళు కూడా విన్నది. ఖర్చు ఎవరికీ కాకపోతే ఆ చీర ఆకాశం నుంచి ఊడిపడిందా?

దినాలు అయిపోయాయి. అత్త కట్టుకున్న చీరలు మూడున్నాయి. చనిపోయినవాళ్ల బట్టలు చాకలికి ఇవ్వాలి. మల్లేశం వాటిని ఎండలో విప్పి పట్టుకుని చూశాడు.

"ఒక్కటిస్తె సాలు. గీ రెండిట్ల అంచులు గట్టిగున్నయ్. కోసి అతుకు, నీ చెల్లె పెండ్లికి అయితది."

అతను దెప్పిపొడుపుగా అనలేదు. అందులోనే ఉంది అంతా. పెళ్లానికి ఒక దారి చూపించానన్న సంతోషంతో అన్నాడు. అని, చీరలు ఆమె ముందు పెట్టి, గుంతలోకి దిగి నేత అందుకున్నాడు.

బయలుదేరాల్సిన రోజుకు ముందు రోజు మధ్యాహ్నం ఆండాళు గడపలో కూర్చుని అత్త చీరలు రెండూ కోసి కలిపి కుడుతోంది. మల్లేశం సావుకారు చీర కొంగు కూడా నేసేసి, మగ్గం మీదే ఉంచి, తిన్నె మీద బీడీ ముట్టించాడు. నిండు పుల్ల గీశాడు. రేపు కోసి సావుకారుకు ఇచ్చి కూలి తేవాలి. ఆండాళు కుట్టడం అయ్యాక లేచి నిలబడి చీరను నడుముకు పెట్టుకుని చూసింది. కుట్టు సరిగ్గా మోకాలి దగ్గరికే వచ్చింది. పెళ్లి పందిట్లో యాదలక్ష్మి కళ్లు ముందు ఎక్కడికి పోతాయో ఆమెకు తెలుసు.

అతుకు చీర గడప మీద పడేసింది. కత్తెర చేతిలోనే ఉంది. మగ్గం దగ్గరికి పోయి గుంతలోకి దిగింది. చిలకాకుపచ్చ చీర, ఎర్రంచు. ఆ కండెలు చుట్టింది ఆమే, పడుగుకు గంజి పెట్టింది ఆమే. ఈ చివర నుంచి ఆ చివరకు కత్తెర ఆడించింది.

చప్పుడుకు మల్లేశం లేచి వచ్చేసరికి ఆమె చీరతో పెరట్లో గోలెం దగ్గర ఉంది.

"ఏయ్! ఏం జేస్తున్నవే? పిచ్చిగిన లేసిందా? సావుకారుది!"

ఆమె వెనక్కి చూడలేదు. చీరను గోలెంలో ముంచి, మోచేతుల దాకా చేతులు పెట్టి అదిమి పట్టింది. బుడగలు వచ్చాయి. గంజి వదిలి నీళ్లు తెల్లబడ్డాయి.

మల్లేశం తల పట్టుకున్నాడు. "కూలి పాయె, నూలు పైసలు గూడ పట్టుకుంటడు. ఇన్నేండ్ల సంది గింత గింత మిగులవెట్టుకున్న ఇల్లు ఒక్క గడియల ముంచితివి గదనే!"

"ఎవరు మిగులవెట్టిన్రు?" అంది ఆండాళు. "నా పళ్లెంల తీసిన్రు. నా ఒంటి మీద తీసిన్రు. నేను సుట్టిన కండెలకు ఒక్కనాడన్న కూలి ఇచ్చినవా? గా కూలిలనే పట్టుకో."

"సావుకారొచ్చి బట్టేదని అడిగితె ఏం జెప్పాలె నేను?"

"ఇంట్ల ఇంకొకతె సచ్చింది, కోరాబట్ట లేకుంటె కోసినమని చెప్పు. సచ్చినోళ్ల మీది బట్ట అడుగడు గద."

ఆమె చీర పైకి తీసి పిండింది. ఇంకా నీళ్లు కారుతుండగానే దండెం మీద వేసి, మడతలు లేకుండా లాగింది. మల్లేశం ఒక అడుగు ముందుకు వేసి చెయ్యి చాచాడు.

"ముట్టకు. ఇది తడిసింది. మీ పీనుగలకు పనికిరాదు, సావుకారుకు పనికిరాదు. రేపు నేను కట్టుకుంట."

ఎండ ఇంకా బాగానే ఉంది. చీర ఆరేదాకా ఆండాళు దండెం కింది నుంచి కదల్లేదు.